శస్త్రవిద్యయు అవయవదానమును: మన కులచరిత్రమున నొక ప్రకరణము



ఈ యేఁటి మహాసభ సంతోష్‌నగరమున జరుగుచున్నందున, ప్రత్యేకసంచికకు నాయీబ్రాహ్మణుల వైద్యవృత్తిని గూర్చి యొక చరిత్రవ్యాసము వ్రాసి యిండని సంపాదకమహాశయులు మమ్ము కోరిరి. కులచరిత్ర మనఁగా పూర్వుల మహిమలను పేర్కొని యానందించుటయే యని పలువురి తలంపు. పూర్వులయందు మాకును భక్తి కలదు. ఐనను చిరకాలము బాలురకు పాఠములు చెప్పినవారము గావున, పురాణమును పురాణముగను, చరిత్రమును చరిత్రముగను చెప్పుటయే మేలని నమ్ముదుము.

మేము చెప్పఁబూనిన విషయ మిది. శస్త్రవైద్యుని చేతికి నేర్పు ఎట్లు వచ్చినది? ఆ నేర్పునకు మూల్య మెవరు చెల్లించిరి? వెదకి చూచినచో నొక సంగతి స్పష్టమగును. బ్రదికినవానిని కోసి బాగుచేయు విద్య యెల్లప్పుడును మృతులవలననే నేర్వఁబడినది. పూర్వము మృతశరీరమును దిక్కులేనివారినుండి గైకొనిరి. నేఁడు మృతుని బంధువులు తమంతట తా మిచ్చుచున్నారు. ఈ మార్పునందు మన కులము వహింపఁదగిన పాత్ర యొకటి కలదని చూపుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మన పొదిలోని కత్తి

ధన్వంతరిని మూలపురుషునిగ చెప్పుకొనుట మన కులమున సంప్రదాయము. ఇది నమ్మిక, శాసనములచే స్థాపింపఁదగిన చరిత్రము కాదు. కాని మన వృత్తిచరిత్రమునకు ఇట్టి సందేహము లేదు. పల్లెపట్టులలో క్షురకర్మతోపాటు చిన్న శస్త్రకర్మలును మనవారి చేతిలోనే యుండెను. సెగగడ్డ పగులఁగోయుట, విఱిగిన ముల్లు తీయుట, పుండు కడిగి కట్టు కట్టుట, కొమ్ము పెట్టియు జలగలు పట్టించియు నెత్తురు తీయుట, ఇవి యెల్ల పొదిలోని కత్తితోను చేతివాటముతోను జరిగెడి పనులు. మన యింటి స్త్రీలు మంత్రసానులై ఊరిలోని బిడ్డలను భూమిమీఁదికి దెచ్చిరి. దక్షిణదేశపు కులములను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రకటించిన ఎడ్గర్ థర్‌స్టన్ దొరయు క్షురకకులములవారి వైద్యమును, వారి స్త్రీల మంత్రసానితనమును పేర్కొనియున్నాఁడు.

ఈ విద్య తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినది. దానికి పాఠశాల లేదు, పుస్తకము లేదు. కన్ను చూచి, చేయి నేర్చినది. కత్తిని సానపెట్టుట, చర్మమును బిగించి పట్టుట, ఎంత లోఁతున ఆపవలెనో యెఱుఁగుట, ఇవి మనవారికి వెన్నతో పెట్టిన విద్యలు. ఐనను చర్మమునకు లోపల నేమి యున్నదో చూచు నవకాశము వారికి లేకుండెను. పైకోతకు చేతివాటము చాలును. లోకోతకు శరీరజ్ఞానము కావలెను. అక్కడ మన పొది నిలిచిపోయినది.

సుశ్రుతుని బోధ

ఈ శరీరజ్ఞానము భరతఖండమున నొకప్పు డుండెను. కాశీరాజైన దివోదాస ధన్వంతరి సుశ్రుతాది శిష్యులకు శల్యతంత్రమును బోధించినట్లు సుశ్రుతసంహిత చెప్పుచున్నది. మన కులమువారు ధన్వంతరి పేరు చెప్పుకొనునప్పుడు ఆ గ్రంథమున శిష్యశిక్షణమును గూర్చి యేమున్నదో తెలిసికొనుట యుక్తము.

శాస్త్రమంతయు చదివినను, అభ్యాసము లేనివాఁడు కర్మకు యోగ్యుఁడు కాఁడని సూత్రస్థానము చెప్పుచున్నది. అందువలన శిష్యునకు మొదట మనుష్యదేహము నప్పగింపరు. కోయుట బూడిదగుమ్మడి, సొర, పుచ్చ, దోస మొదలగు కాయలమీఁద నేర్వవలెను. చీల్చుట నీరు నింపిన తోలుసంచులమీఁద; గుచ్చుట చచ్చిన పశువుల నరములమీఁదను తామరతూండ్లమీఁదను; శల్యమును వెదకుట పురుగు తొలిచిన కఱ్ఱయందును వెదురునందును; లాగుట పనసపండు తొనలయందు; కుట్టుట వస్త్రములమీఁదను మెత్తని తోలుమీఁదను. కట్టు కట్టుటకు మనుష్యాకారముగల బొమ్మ యుండవలెను. నేఁటి వైద్యకళాశాలలలో విద్యార్థులు రబ్బరుచర్మముమీఁద కుట్లు నేర్చుచున్నారు. పద్ధతి యొక్కటే.

పిదప శారీరస్థానమున శవపరీక్ష చెప్పఁబడినది. విషము తినక, దీర్ఘరోగము లేక, మిక్కిలి వృద్ధుఁడు గాక మరణించినవాని దేహమును ముంజగడ్డి, నార, దర్భ, జనుములలో నొకదానిచే చుట్టి, పంజరమున నుంచి, మెల్లగా పాఱు నదిలో చాటైన తావున ఏడు రాత్రులు నానఁబెట్టవలెను. తరువాత వట్టివేళ్ళు, వెండ్రుకలు, వెదురు మొదలగువాని కుంచెలతో మెల్లమెల్లగా రుద్దుచు, త్వక్కు మొదలు లోపలి యంగములవఱకు కంటితో చూడవలెను. శాస్త్రమును ప్రత్యక్షమును రెండును కలిసినప్పుడే జ్ఞానము పెంపొందునని గ్రంథాభిప్రాయము.

కాలక్రమమున శవస్పర్శ దోషమను భావము బలపడి యీ విద్య సన్నగిల్లెను. శాస్త్రము పండితుల నోటను, కత్తి మనవారి చేతను మిగిలినవి. నోటికిని చేతికిని నడుమ ననేకశతాబ్దములు పొత్తు లేకపోయెను. ఆ పొత్తు మరల కుదిరినది 1836లో. ఆ యేఁట కలకత్తా వైద్యకళాశాలయందు మధుసూదన గుప్తుఁడను సంస్కృతవైద్యపండితుఁడు శవచ్ఛేదము గావించెను. సుశ్రుతుని పాఠము చెప్పిన పండితుఁడే కత్తి పట్టుట మాబోఁటి సంస్కృతోపాధ్యాయులకు గర్వకారణము.

సీమలోని క్షురకవైద్యులు

మనవంటి కులము పడమటిదేశములందును గలదు. అచ్చట క్షురకులే శస్త్రవైద్యులు. లండను నగరమున 1540లో ఎనిమిదవ హెన్రీ రాజు క్షురకులను శస్త్రవైద్యులను ఒక్క సంఘముగ చేర్చెను. ఫ్రాన్సుదేశమున గాయపడిన సైనికులకు చికిత్స చేసి, అవయవచ్ఛేదనమున రక్తనాళములను కాల్చుటకు మాఱుగా దారముతో కట్టు పద్ధతిని ప్రచారమునకు దెచ్చిన అంబ్రాజ్ పారే (1510–1590) క్షురకుని యొద్ద పని నేర్చినవాఁడే. కాలము మాఱినకొలఁది శస్త్రవైద్యులకు క్షురకుల సాంగత్యము చిన్నతనముగ తోఁచి, 1745లో లండను సంఘము రెండుగ చీలినది. కత్తి యొకటే; గౌరవము మాత్రము రెండుగ పంచుకొనఁబడినది.

ఆ వైద్యులకు శవము లెక్కడివి? 1540 నాఁటి శాసనము ఏఁటికి నలుగురు ఉరిదీయఁబడిన నేరస్థుల దేహములను సంఘమున కిచ్చినది. 1752లో హంతకుల దేహములను శవచ్ఛేదమునకు అప్పగింపవలెనని మఱియొక చట్టము వచ్చెను. అవియు చాలకపోఁగా శ్మశానములలో దొంగలు పడిరి. ఎడింబరోలో ఇరువురు దుర్మార్గులు 1828లో పదునాఱుగురిని చంపి వారి దేహముల నొక శరీరశాస్త్రోపాధ్యాయునకు అమ్మిరి. ఈ ఘోరము బయల్పడిన పిదప 1832లో శరీరచ్ఛేదన చట్టము వచ్చి, అడుగువారు లేని దేహములు కళాశాలలకు పోవ నారంభించెను. అడుగువారు లేనివా రెవరు? అనాథశాలలలో చనిపోయిన నిఱుపేదలు. నాఁటి నేరమునకు శిక్షయైనది నేఁడు దారిద్ర్యమునకు పన్నైనదని ఆ దేశపు పేదలు వాపోయిరి.

ఈ కథను మేము విస్తరించి చెప్పుటకు హేతువు కలదు. శవచ్ఛేదమన్నంతనే మనజనులకు కలుగు జుగుప్సయందు అజ్ఞాన మొక్కటే కలదని యనుకొనరాదు. బీదవాని దేహమును అడుగకుండ తీసికొందురను పూర్వభయమును అందులో కొంత కలదు. ఆ భయమునకు నిజమైన మందు అనుమతి యొక్కటే.

భాగ్యనగరమున

మన నగరమున పాశ్చాత్యశస్త్రవిద్యకు పునాది 1846లో పడినది. నాసిరుద్దౌలా నవాబుగారి కాలమున హైదరాబాదు వైద్యపాఠశాల వెలసి, ఉర్దూభాషయందు పాఠములు చెప్పఁబడెను. ఆంగ్లము రానివాఁడును స్వదేశభాషయందు శస్త్రవిద్య నేర్వవచ్చునని చూపిన కీర్తి యీ నగరమునకు చెల్లును.

ఈ పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ దొర యాజమాన్యమున క్లోరోఫారమును గూర్చిన పరిశోధనసంఘములు 1888లోను 1889లోను ఇచ్చట కూర్చుండెను. రెండవసంఘమునకు నిజాముప్రభుత్వము ధనమిచ్చి సీమనుండి లాడర్ బ్రంటన్ పండితుని రప్పించెను. క్లోరోఫారమువలన శ్వాసయే ముందు ఆగునని, గుండె పిదప ఆగునని ఆ సంఘము నిర్ణయించెను. క్లోరోఫారము గుండెనే యాకస్మికముగ ఆపవచ్చునని తరువాతి పరిశోధకులు నిరూపించినందున ఆ నిర్ణయము నిలువలేదు. ఐనను మత్తుమందును ప్రయోగపూర్వకముగ పరీక్షించు పని ఈ మూసీతీరమునను జరిగినది. ఆ కాలమున ఇచ్చటనే విద్య నేర్చిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచమునందలి తొలి మహిళా మత్తువైద్యులలో నొకరుగా గణుతికెక్కినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన మూసీవరదలో అఫ్జల్‌గంజు ఆసుపత్రి నాశనమయ్యెను. పిమ్మట మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి కాలమున విన్సెంట్ ఎష్ అను శిల్పి రూపకల్పనతో నదీతీరమున వెలసినదే ఉస్మానియా ఆసుపత్రి. చార్మినారు మొదలు సంతోష్‌నగరమువఱకు గల పాతబస్తీ పేదలకు తరతరములుగ అదియే దిక్కు.

కళాశాలల రాకతో లోకమునకు మేలు గలిగినది, సందేహము లేదు. కాని మన కులమున కొక నష్టము గలిగినది. చదువు లేనందున పొదిలోని కత్తులలో చికిత్సకత్తి చేజాఱి, క్షురకత్తి మాత్రము మిగిలినది. మంత్రసానుల స్థానము నర్సులకు పోయినది. ఇది యెవరిపైనను నేరము మోపుట కాదు; చరిత్రగతి యిట్లున్నది.

అవయవముల మార్పిడి

ఇఁక ప్రకృతాంశమునకు వత్తము. చెడిన యవయవమును తీసి యొకరిది మఱియొకరికి అమర్చుట కేవల ధైర్యముచే కాలేదు. ముందుగా రక్తనాళమును కుట్టుట తెలియవలెను. 1894లో ఫ్రాన్సు రాష్ట్రపతి సాదీ కార్నో లియోన్ నగరమున కత్తిపోటునకు గుఱియై, తెగిన రక్తనాళమును కుట్టగలవారు లేక మరణించెను. ఆ నగరమున వైద్యము చదువుచున్న అలెక్సిస్ కరెల్ ఒక కుట్టుపనిచేయు స్త్రీయొద్ద సన్నని సూదిని దారమును ఉపయోగించు నేర్పు నభ్యసించి, 1902లో నాళములను కుట్టు విధానమును ప్రకటించెను. దానికి 1912లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. సుశ్రుతుఁడు వస్త్రముమీఁద కుట్టు నేర్వుమనుటయు, కరెల్ కుట్టుపనిగత్తెకు శిష్యుఁడగుటయు, చేతిపనిని తక్కువగ చూచువారికి మంచి గుణపాఠము.

1954 డిసెంబరు 23న బోస్టనులో జోసెఫ్ మరే పండితుఁడు కవలలలో నొకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి కృతకృత్యుఁడయ్యెను. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి మనుష్యహృదయమును మార్చెను. ఆ రోగి 18 దినములు జీవించెను. ఇతరుల యవయవమును దేహము తిరస్కరించుటను అణఁచు సైక్లోస్పోరిను అను మందు 1980 తరువాతి దశాబ్దమున వాడుకలోనికి వచ్చి, యీ చికిత్సకు స్థిరత్వము గలిగించెను.

మనదేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మూత్రపిండముల మార్పిడి సఫలమయ్యెను. 1994 జూలైలో మానవావయవముల మార్పిడి చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించినది. నెల తిరుగకముందే, ఆగస్టు 3న, ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థయందు పి. వేణుగోపాల్ గారు భారతదేశమున తొలి సఫల హృదయమార్పిడిని నిర్వహించిరి. రాజమహేంద్రవరమున 1942లో పుట్టి, ఆ సంస్థయందే చదివి, ఆ సంస్థకే సంచాలకులైన ఆంధ్రులు వీరు. 2024 అక్టోబరులో దివంగతులైరి. 2023నుండి ఆగస్టు 3వ తేదీనే భారత అవయవదానదినముగ పాటించుచున్నారు. ఒక తెలుఁగువాని చేతిపని దేశమునకు పర్వదినమైనదని మనవా రెందఱికి తెలియును? గుంటూరు ప్రభుత్వవైద్యశాలయందు 2016లో ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారు గుండెను మార్చి, యీ చికిత్స ధనికుల యాసుపత్రులకే పరిమితము కాదని చూపిరి.

మన రాష్ట్రమున 1995లో ప్రత్యేకచట్టము వచ్చెను. మరణించినవారి యవయవములను వరుసక్రమమున రోగులకు చేర్చుటకై 2010లో ‘జీవన్‌దాన్’ పథకమునకు ప్రభుత్వ ఉత్తరువు వెలువడి, 2013నుండి అది నడచుచున్నది. దీని కార్యస్థానము పంజగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థ.

సేకరణ యెట్లు జరుగును?

ఈ భాగమును పాఠకులు శ్రద్ధతో చదువఁగోరుదుము. భయములలో నెక్కువభాగము తెలియమివలననే పుట్టినవి.

రోడ్డుప్రమాదమువలననో, మెదడులో రక్తనాళము చిట్లుటవలననో మెదడంతయు మరలరాని విధముగ చచ్చిన స్థితిని నేఁడు ‘బ్రెయిన్ డెడ్’ అనుచున్నారు. ఇది మూర్ఛ కాదు, కోమా కాదు. కోమాలోనున్నవాఁడు లేవవచ్చును, ఇతఁడు లేవఁడు. వెంటిలేటరు ఊపిరి పోయుచున్నంతవఱకు గుండె కొంతకాలము కొట్టుకొనుచుండును. 1968లో హార్వర్డు విద్వత్సంఘము ఈ స్థితికి తొలి లక్షణములను నిర్దేశించెను. మనచట్టము ప్రకారము నలుగురు వైద్యులు, ఆఱుగంటల యెడమున రెండుసారులు పరీక్షించి వ్రాఁతమూలముగ నిర్ణయింపవలెను. వెంటిలేటరును ఆపి, స్వయముగ శ్వాస వచ్చునేమో చూచుట అందులో ముఖ్యపరీక్ష. అవయవములను మార్చు వైద్యులకు ఈ నిర్ణయమున పాలు లేదు.

తరువాత కుటుంబము నడుగుదురు. అనుమతి లేనిది కత్తి కదలదు. అనుమతించినచో దాతను శస్త్రశాలకు గొనిపోయి, బ్రదికియున్న రోగికి చేయునంత శుచితోను జాగరూకతతోను కర్మ నారంభింతురు. కంఠము దిగువనుండి పొత్తికడుపు వఱకు ఒక్కటే కోత. రక్తము గడ్డకట్టకుండ మందిచ్చి, బృహద్ధమనిలో గొట్టము పెట్టి, దానిని బిగించి, మంచువలె చల్లనైన రక్షకద్రవమును లోనికి పంపుదురు. గుండె, ఊపిరితిత్తులు, కాలేయము, క్లోమము, మూత్రపిండములు వరుసగ తీయఁబడి మంచుపెట్టెలకు చేరును. పిదప దేహమును సక్రమముగ కుట్టి, కడిగి, వస్త్రము కప్పి బంధువులకు అప్పగింతురు. ముఖము చెడదు, దహనమునకు గాని ఖననమునకు గాని అడ్డి యుండదు.

ఈ పనికి ఎంత శిక్షణము కావలయునో చూడుఁడు. సామాన్యవైద్యపట్టమునకు ఐదున్నర యేండ్లు, శస్త్రవిద్యకు మూఁడేండ్లు, ప్రత్యేకశాఖకు మఱి మూఁడేండ్లు. ఆపై మార్పిడి జరుగు ఆసుపత్రిలో గురువు ప్రక్కన నిలిచి నేర్చుట. మార్పిడి నేర్వఁదలఁచిన యువవైద్యుఁడు సాధారణముగ తొలిపాఠములు దాత దేహముకడనే నేర్చును. కాలేయమునకు పోవు ధమని యందఱిలో నొక్కచోటనే పుట్టదు. నూటికి సుమారు పదిమందిలో కుడివైపు ధమని ప్రేగులకు పోవు నాళమునుండి పుట్టును. ఈ భేద మెఱుఁగనివాఁడు దానిని కోసివేసినచో ఆ కాలేయము వ్యర్థము కావచ్చును. దానికై యెదురుచూచు రోగియు నాశ వదలుకొనవలెను. దాతయిచ్చినది వ్యర్థము కాకుండ చూచుటయే యిచ్చట వైద్యుని ఋణవిముక్తి. పూర్వము మనవారు కొడుకునకు చర్మముమీఁద నేర్పిన ‘ఎక్కడ ఆపవలెను’ అను పాఠమే యిచ్చట మహాశాస్త్రమైనది.

కాలమును మిక్కిలి స్వల్పము. గుండె దేహము వెలుపల సుమారు 4 గంటలు, కాలేయము 12 గంటలు, మూత్రపిండములు ఒక దినము నిలుచును. 2021 ఫిబ్రవరి 2న మన సంతోష్‌నగరమున కనతిదూరముననున్న ఎల్.బి. నగర్ ఆసుపత్రిలో సేకరించిన గుండెను నాగోలు నుండి జూబ్లీహిల్సుకు మెట్రోరైలులో 21 కిలోమీటర్లు అరగంటలోపల చేర్చిరి. ఆ దాత నల్లగొండ ప్రాంతపు రైతు. 2025 జనవరి 17న ఎల్.బి. నగర్ నుండి లక్డీకాపూల్‌కు మఱియొక గుండెను 13 నిమిషములలో గొనిపోయిరి. నగరమంతయు ఒక యెద చప్పుడునకు దారి యిచ్చినది.

ధర్మాధర్మములు

ఈ విషయమున చీఁకటివైపును దాఁచుట చరిత్రకారునికి తగదు. అవయవము కావలసినవారు పెక్కురు, ఇచ్చువారు కొలఁదిమంది. 2023లో మనదేశమున 18,378 మార్పిడులు జరిగినవి. మరణానంతరము ఇచ్చిన దాతలు మాత్రము 1,099 మంది. తక్కిన వానిలో అత్యధికము బ్రదికియున్న బంధువులు, అందును ఎక్కువగా తల్లులును భార్యలును, తమ దేహములనుండి ఇచ్చినవే. ఈ కొఱఁతయే దుర్మార్గులకు పెట్టుబడి. 2025 జనవరిలో మన ప్రక్కనున్న సరూర్‌నగరమున ఒక ఆసుపత్రియందు పేదల మూత్రపిండములను కొని ధనికులకు అమర్చు నక్రమవ్యాపారము పట్టుపడెను. 1832 నాఁటి సీమకును నేఁటి సరూర్‌నగరమునకును దూర మెంత? దారిద్ర్యమే అచ్చటను ఇచ్చటను దేహమునకు వెల కట్టినది. వ్యాపారము చేయువారికి 5 మొదలు 10 ఏండ్ల చెఱసాలయు, 20 లక్షల రూపాయలకు తక్కువగాని జుల్మానాయు విధించు 2011 నాఁటి కేంద్రసవరణను 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ స్వీకరించినది.

చట్టము దొంగను శిక్షించును, కొఱఁతను తీర్పలేదు. మరణానంతరదానము పెరిగిననే పేదవాని మూత్రపిండమునకు గిరాకి తగ్గును. కావున నీ దానము రోగికి ప్రాణమిచ్చుటయే కాక, బ్రదికియున్న పేదను అమ్ముడుపోకుండ కాచును. ఈ యంశమును మేము ముఖ్యముగ చెప్పఁదలఁచితిమి.

ఇచ్చునది పేదలు, పుచ్చుకొనునది ధనికులు అని కొందఱు నిష్ఠురమాడుదురు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ప్రైవేటు ఆసుపత్రుల వెచ్చము సామాన్యునకు అందదు. ఐనను నిజాము సంస్థయందును ఉస్మానియాయందును ఆరోగ్యశ్రీ పథకము క్రింద పేదలకు మార్పిడులు జరుగుచున్నవి. 2025 ఏప్రిలులో ఉస్మానియా వైద్యులు ఒక రోగికి చిన్నప్రేగును మార్చిరి. వరుసపట్టిక న్యాయముగ నడచునట్లు, ప్రభుత్వవైద్యశాలలకు మఱింత శక్తి గలుగునట్లు అడుగుట మన హక్కు. ఇచ్చుట మాని యడుగుటకంటె, ఇచ్చుచు నడుగుట బలవత్తరము.

సందేహములు

అవయవము లేనివానికి ఉత్తమగతి యుండదని కొందఱు పెద్దలు శంకింతురు. దేహము దహింపఁబడునదియే కదా; అగ్ని కర్పించునది ఒక రోగి కర్పించినచో ఆత్మ కేమి లోపము? వెన్నెముకనిచ్చిన దధీచిని, కన్నులిచ్చిన కాళహస్తి తిన్నని మనము గతిలేనివారని చెప్పుకొనుటలేదు, పూజించుచున్నాము.

దాతకు సరిగా చికిత్స చేయక త్వరపడుదురేమో యని మఱికొందఱి భయము. పైన చెప్పిన నలుగురు వైద్యుల నియమము అందులకే యున్నది. కుటుంబమువారు ఆ పరీక్షల ఫలము నడిగి తెలిసికొనవచ్చును, అడుగవలెను. దాత కుటుంబమునకు సేకరణవెచ్చ ముండదు. వారు ధనము పుచ్చుకొనరాదు.

బ్రెయిన్ డెడ్ కానివారు ఏమి యీయఁగలరు? కన్ను లీయవచ్చును. మరణించిన ఆఱుగంటలలోపల నేత్రనిధివారిని పిలిచినచో కార్నియాను తీసికొందురు. వృద్ధులైనను, కన్నద్దములు వాడినవారైనను ఇచ్చుటకు సాధారణముగ అభ్యంతరము లేదు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థ 2023 నాఁటికి 50,000 కార్నియా మార్పిడులు నెరవేర్చినది. ఇఁక దేహమంతయు వైద్యకళాశాలకు ఇచ్చుట వేఱుదానము. సుశ్రుతుఁడు నదిలో నానఁబెట్టి చూపిన పాఠమును నేఁటి విద్యార్థి ఆ దేహముపైననే నేర్చును. అడుగువారు లేని శవమునకు బదులు ‘నన్ను చదువుకొనుఁడు’ అని యిచ్చిన దేహముమీఁద నేర్చిన విద్యార్థి మఱింత వినయవంతుఁడగునని మా నమ్మకము.

మన కర్తవ్యము

తెలంగాణమున 2024లో 188 మంది మరణానంతరదాతలైరి. పదిలక్షల జనమునకు ఇది 4.88, దేశపు సగటు 0.8. మన రాష్ట్రము ముందున్నదనుట నిజము. చాలునను మాట మాత్రము ఎవరును అనలేరు.

ఇందు మన కులమున కొక ప్రత్యేకస్థానము కలదు. పుట్టినయింట మన మంత్రసాని యుండెను. పెండ్లియింట మన వాద్య ముండెను. చావుయింట పదియవదినమున మన కత్తి యుండును. ఇతరులు తప్పుకొని పోవు చావుయింట లోపలికి పిలువఁబడి, దుఃఖితులప్రక్క కూర్చుండువారము మనము. మఱియు సంతోష్‌నగరము, చంపాపేట, సైదాబాదు వీథులలోని మన సెలూనులలో హిందువును మహమ్మదీయుఁడును ఒకే కుర్చీలో కూర్చుండి, మెడను మన కత్తికి నమ్మి యిచ్చి, మనసులోని మాట చెప్పుకొందురు. అట్టి నమ్మిక గలవారి మాట సర్కారు ప్రకటనకంటె లోఁతుగ నాటును. బలవంతము వలదు, మతనిందయు వలదు. ‘మీ యింట దీనిని గూర్చి యెప్పుడైన మాటాడుకొంటిరా?’ అని యడిగినను చాలును.

ఏలయనఁగా ఈ నిర్ణయము సిద్ధముగ లేనివారికి మిక్కిలి కఠినమైన వేళలో వచ్చును. దాతపత్రము మున్నే వ్రాసియున్నను ఆసుపత్రియందు కుటుంబము నడుగుదురు. ఐ.సి.యు. తలుపువద్ద ఏడ్చుచున్న తల్లిని కొన్ని గంటలలో నిర్ణయింపుమనుట దుస్సహము. చనిపోయినవాని కోరిక మున్నే తెలిసియున్నచో ఆ భారము సగము తగ్గును. కావున ప్రతి కుటుంబమును భోజనానంతరము ఒకదినము కూర్చుండి, నీ యిష్ట మేమి, నా యిష్ట మేమి యని మాటాడుకొనవలెను. ఇచ్చువారు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకొందురు గాక. ఈయనివారిని నిందింపరాదు.

పోషకమహాశయులకు ఒక విన్నపము. కళ్యాణమండపములకు ఇచ్చు ధనములో కొంత, వైద్యము చదువఁగోరు మన బాలబాలికల విద్యార్థివేతనములకు కేటాయింపుఁడు. చదువు లేమివలన మన పొదినుండి జాఱిన చికిత్సకత్తి చదువుచేతనే మరల మన చేతికి రావలెను. మన యింటి పిల్లవాఁడు శస్త్రవైద్యుఁడై, మన వీథిలోని దాత యిచ్చిన కాలేయమును తడఁబడని చేతితో తీసి, పేరు తెలియని యొకరికి ప్రాణము పోయునాఁడు, ధన్వంతరి పేరు చెప్పుకొనుటకు మనకు పురాణప్రమాణ మక్కఱలేదు.

కులబాంధవు లందఱును ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురు గాక. ఇతి శమ్.